మనసులో మాట, నోట్లో మాట: రెండూ వాక్యానికి లోబడాలంటే

వందనాలు సిస్టర్. మీరు అడిగినవి మూడు. పొద్దున పిల్లల్ని స్కూల్ వ్యాన్ ఎక్కించేలోపు నోటికొచ్చినట్టు తిట్టేస్తున్నారు, ఆదివారం అదే నోటితో క్వయర్‌లో పాడాలంటే సిగ్గుగా ఉందన్నారు. రెండోది, గుంటూరు కొత్తపేటలో ఉండే మీ తోడికోడలి ఇంటి అప్పుల సంగతి మీరు విజయవాడ సింగ్‌నగర్‌లో స్త్రీల కూడికలో ప్రార్థన అంశంగా చెప్పారు. అది చుట్టూ తిరిగి చివరికి ఆమె చెవినే పడింది. మూడోది, ప్రార్థనకు కళ్ళు మూసుకోగానే దేవుణ్ణి దూషించే మాటలు మనసులో మెదులుతున్నాయి, ఇది క్షమాపణ లేని పాపమేమోనని భయం. ఈ మూడూ ఒకే జబ్బని మీరు అనుకుంటున్నట్టున్నారు. కాదు. మూడూ వేరు, మందులూ వేరు. మూడోదానితో మొదలుపెడతాను. ఆ భయం తగ్గితే తప్ప మిగతా రెండూ మీకు చేతికి అందవు.

తలపు రావడం పాపం కాదు. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో బతికిన ఇవాగ్రియస్ అనే సన్యాసి మనిషిని పీడించే తలపుల్ని ఎనిమిదిగా విడదీశాడు: తిండి యావ, కామం, ధనాశ, దిగులు, కోపం, విసుగు, డంబం, గర్వం. ఇవి వచ్చి కలవరపెట్టడం మన చేతిలో లేదనీ, అవి లోపల తిష్ఠ వేయడం, వేయకపోవడం మాత్రమే మన చేతిలో ఉందనీ ఆయన అన్నాడు. ఈ ఒక్క తేడా తెలియక మన సంఘాల్లో ఎంతోమంది ఏళ్ళ తరబడి నలిగిపోతున్నారు.

మీరు భయపడుతున్న క్షమాపణ లేని పాపం పరిశుద్ధాత్మ దూషణ. దాని గురించిన మాట మార్కు సువార్త 3వ అధ్యాయంలో ఉంది. యేసు ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. ఆయన దయ్యాలను వెళ్ళగొడుతుంటే, అది దయ్యాల అధిపతి బలంతో చేస్తున్నాడని తీర్మానించి నలుగురికీ చెప్పిన శాస్త్రులతో, అంటే యూదుల ధర్మశాస్త్ర పండితులతో అన్నాడు. ఎందుకన్నాడో 30వ వచనంలో మార్కే రాశాడు: ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్ళు చెప్పారు గనుక. మీకు ఇష్టం లేకుండా వచ్చి, వచ్చినందుకు మిమ్మల్ని ఏడిపిస్తున్న తలపు ఆ పాపం కాదు. శాస్త్రులకు ఏడుపు లేదు, భయమూ లేదు.

ఇక్కడ అందరూ చేసే పొరపాట్లు మూడు. తలపు వచ్చిన ప్రతిసారీ గట్టిగా గద్దించడం. ప్రార్థనను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవడం. అయ్యగారికి, అంటే పాస్టరుకు ఫోన్ చేసి "ఇది పాపమేనా?" అని ఐదోసారి అడగడం. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దంటే కోతే గుర్తొస్తుంది కదా, ఇదీ అంతే. ఆ తలపును మీరు ఎంత ప్రమాదంగా చూస్తే మనసు దానికోసం అంతగా వెతుకుతుంది. ఎవరైనా ధైర్యం చెప్పినప్పుడు కాసేపు నెమ్మదిస్తుంది, మర్నాటికి మళ్ళీ అడగాలనిపిస్తుంది. "ప్రతి ఆలోచనను చెరపట్టి" అన్న 2 కొరింథీయులకు 10:5 పట్టుకుని తలపుల వెంట కర్ర పట్టుకుని పరిగెత్తేవాళ్ళున్నారు. ఆ వచనం మొదట్లోనే "వితర్కములను" అని ఉంది. కొరింథులో తన మీద, సువార్త మీద లేచిన వాదాలను పడగొట్టడం గురించి పౌలు అక్కడ మాట్లాడుతున్నాడు. కళ్ళు మూసుకోగానే మెదిలే మాట ఆ లెక్కలోకి రాదు.

చేయాల్సింది చిన్న పనే. కళ్ళు తెరిచి ప్రార్థించండి, పెదవులు కదిపి, మీ చెవికి వినపడేంత గొంతుతో. తలపు వస్తే "వచ్చింది, పోతుంది" అనుకుని, ఆగిన వాక్యం దగ్గరి నుంచే కొనసాగించండి. మొదటికి పోవద్దు. అది పోయిందా లేదా అని లోపలికి తొంగి చూడొద్దు. సొంత మాటలు రాని రోజున ఒక కీర్తన బయటికి చదవండి.

ఇంత చేసినా ఈ తలపులూ, వాటిని కడుక్కోవడానికి చేసే పనులూ రోజుకు గంటకు పైగా తినేస్తున్నా, బైబిలు తెరవడానికే భయం వేస్తున్నా, అది ఓసీడీ అనే జబ్బు కావచ్చు. దానికి మందులున్నాయి, భయపెట్టేదాన్ని ఎదుర్కొంటూనే దాన్ని కడుక్కునే పనులు మానడం నేర్పే ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అనే చికిత్సా ఉంది. టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, మానసిక వైద్యుల దగ్గరికి దారి చూపిస్తారు. షుగర్‌కు మాత్ర వేసుకునే విశ్వాసి దీనికి వేసుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. "ఉపవాసం ఇంకో మూడు రోజులు పెంచు" అనే సలహా మాత్రం ఈ జబ్బుకు తీసుకోవద్దు. నిద్ర, తిండి తగ్గితే ఇది ముదరొచ్చు.

ఇక పొద్దుటి తిట్లు.

"హృదయమందు నిండియుండు దానినిబట్టి నోరు మాటలాడును" అన్నాడు ప్రభువు. అంటే తిట్టు నోట్లో పుట్టలేదు. 7.30కి వచ్చిన మాట ఎక్కడ బయల్దేరిందో వెనక్కి నడిచి చూడాలి. రాత్రి పన్నెండింటికి పడుకున్నారు. లేచి టీ మాత్రం తాగారు. బాక్సు మూత దొరకలేదు. చిన్నవాడి సాక్సు ఒకటే ఉంది. వ్యాన్ హారన్ వినపడింది. అప్పుడు నోరు తెరుచుకుంది. 1 రాజులు 19లో ఏలీయా చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దేవుడు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్ళు పెట్టించాడు, మళ్ళీ నిద్రపోనిచ్చి మళ్ళీ పెట్టించాడు. మాటలు ఆ తర్వాత. కాబట్టి రాత్రి పదిన్నరకే బ్యాగులు, బూట్లు, సాక్సులు, మూతతో సహా బాక్సులు గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టండి. పొద్దున ఇరవై నిమిషాలు ముందు లేవండి. టీతో పాటు రెండు ఇడ్లీలో ఒక అరటిపండో కడుపులో పడనివ్వండి. ఇందులో ఆత్మీయత ఏముందని అనుకోవద్దు. కీర్తన 141:3లో "నా నోటికి కావలియుంచుము" అని అడిగినవాళ్ళు కావలివాడికి అన్నం పెట్టాలి కదా.

తర్వాత ఏ మాటలు మానాలన్నది. "నీ బొంద", "చచ్చినోడా" లాంటివి వినడానికి మోటుగా ఉంటాయి గనుక అందరూ వాటినే ముందు మానాలనుకుంటారు. అవీ మానాల్సినవే. కానీ మత్తయి 5:22లో ప్రభువు ఎత్తి చూపిన మాట చూడండి. మన బైబిల్లో "వ్యర్థుడా" అని ఉన్నచోట మూలంలో ఉన్నది "రకా" అనే అరామిక్ మాట. బుర్ర ఖాళీ మనిషి, దేనికీ కొరగానివాడు అని దాని అర్థం. అందులో బూతు లేదు. మన ఇళ్ళలో దానికి సరిగ్గా సరిపోయే మాట "నువ్వు ఎందుకూ పనికిరావు". ఆ వెంటనే వచ్చేది "పక్కింటి పిల్లను చూసి నేర్చుకో". ఇవి పైకి మర్యాదగానే ఉంటాయి, అందుకే అయ్యగారు విన్నా ఏమీ అనరు. పిల్లవాడు మాత్రం "చచ్చినోడా"ను సాయంత్రానికి మరచిపోతాడు, "పనికిరావు"ను ఇరవై ఏళ్ళు మోస్తాడు. అందుకే మొదట మానాల్సింది దీన్నే.

మానడమంటే పళ్ళు బిగించడం కాదు. అలా బిగించినవాళ్ళు పది రోజుల తర్వాత ముందుకంటే గట్టిగా పేలతారు. మత్తయి 12లో ఊడ్చి ఖాళీగా ఉంచిన ఇంటికి అపవిత్రాత్మ మరి ఏడింటిని వెంటబెట్టుకొచ్చిన ఉపమానం ఇదే చెబుతుంది. ఖాళీ చేసిన చోట వేరే మాట పెట్టాలి. మనిషిని వదిలేసి పనిని చెప్పండి: "బూటు ఇంకా వేసుకోలేదు. వ్యాన్ 7.40కి. వేసుకో." మూడు ముక్కలు, అంతే. ఇంకొకటి, వంటింట్లోంచి హాల్లోకి అరవొద్దు. గొంతు పెంచాక మాట కూడా దానితో పాటే ముదురుతుంది. స్టవ్ సిమ్‌లో పెట్టి, నడిచి వెళ్ళి, పిల్లవాడికి చేతికందే దూరంలో నిలబడి చెప్పండి. ఆ ఏడెనిమిది అడుగుల నడకలోనే సగం కోపం దిగుతుంది. ఆ నడకలో అనుకోవడానికి ఒక వాక్యం ఉంచుకోండి, కానీ ఒక్క ఊపిరిలో వచ్చేది. మన తెలుగు బైబిలు గ్రాంథికం, పొడుగు వచనాలు కోపంలో గుర్తుకు రావు. దుర్భాష నోట రానివ్వొద్దనే ఎఫెసీయులకు 4:29 మొత్తం కంఠతా పట్టినవాళ్ళకు కూడా ఆ సమయానికి రాదు. "నా నోటికి కావలియుంచుము" వస్తుంది. "మృదువైన మాట క్రోధమును చల్లార్చును" వస్తుంది. అరణ్యంలో ప్రభువు మూడు శోధనలకూ ద్వితీయోపదేశకాండంలోంచి ఒక్కొక్క ముక్కే తీసి వాడాడు.

ఎంతవరకు వచ్చామో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. విజయవాడలో 1953లో లయోలా కాలేజీ పెట్టిన జెస్యూట్ అనే కాథలిక్ సభ ఫాదర్ల మూలపురుషుడు, లొయోలా ఇగ్నేషియస్ 16వ శతాబ్దంలో నేర్పినది. మీరు ప్రొటెస్టెంట్ అయినా ఇందులో అభ్యంతరపడాల్సింది ఏమీ కనిపించదు. ఒక్క తప్పునే ఎంచుకోవాలి. రెండు కాదు, ఒక్కటే. పొద్దున లేవగానే ఈ రోజు ఆ తప్పు నుంచి కాపాడమని అడగాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి గంట గంటగా వెనక్కి చూసుకోవాలి. చిన్న పుస్తకంలో రోజుకు రెండు గీతలు గీయండి, పై గీత మధ్యాహ్నానికి, కింది గీత రాత్రికి. ఎన్నిసార్లు జారితే అన్ని చుక్కలు. జారిన ఆ క్షణంలో చెయ్యి గుండె మీద పెట్టుకోమంటాడాయన. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ తెలియదు, మీకు తెలుస్తుంది. రాత్రి చుక్కలను మధ్యాహ్నంతో, ఈ రోజును నిన్నటితో, ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చాలి.

ఇక్కడ చెడేది ఎక్కడంటే, మొదటి వారం చుక్కలు పెరుగుతాయి. తప్పులు పెరిగి కాదు, మునుపు కనపడనివి ఇప్పుడు కనపడుతున్నాయి. చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. మూయొద్దు, కనీసం నాలుగు వారాలు చూడండి. రెండో ప్రమాదం, చుక్కలు తగ్గాయని ఇంకొకరికి చూపించడం, అది డంబానికి దారి. మూడోది, చుక్కలు లెక్కపెట్టి నిద్రపోవడం. లెక్క తర్వాత 1 యోహాను 1:9 ఉంది: ఒప్పుకోవాలి, క్షమించాడని నమ్మాలి, పుస్తకం మూసి దీపం ఆర్పాలి. మొత్తం ఐదు నిమిషాలు మించితే అది పరీక్ష కాదు, కెలుక్కోవడం. మీకున్న మూడో ఇబ్బంది దృష్ట్యా మీరు దీన్ని పిల్లలతో అనే మాటకు మాత్రమే వాడండి. తలపులకు చుక్కలు పెట్టొద్దు.

మీరు అడగకపోయినా రెండు మూడు చెప్పాలి, ఎందుకంటే మన వైపు విశ్వాసులు వీటిని పాపాల లెక్కలోనే వేయరు. "అమ్మతోడు", "బైబిలు మీద ఒట్టు" అని మాటకు ముందు అతికించడం. మత్తయి 5:34-37 చదివితే ఒట్టు ఎందుకొద్దన్నాడో తెలుస్తుంది: ఒట్టుతో చెప్పింది నిజమైతే, ఒట్టు లేకుండా చెప్పేది ఏమిటి? ఇంట్లోనే ఉండి "బెంజ్ సర్కిల్ దాటా, ఐదు నిమిషాలు" అనడం, చీటీ డబ్బులకు మనిషి వస్తే "నాన్న లేరని చెప్పు" అని పిల్లవాడి చేత చెప్పించడం కూడా ఇదే. మరొకటి కులం మాట. ప్రభువు బల్లలో ఒకే రొట్టె తీసుకుని, ఇంటికొచ్చి సంబంధాల దగ్గర "వాళ్ళ బుద్ధులే అంత" అనే మాట గుంటూరు, విజయవాడ సంఘాల్లో ఈనాటికీ వినపడుతోంది. యాకోబు 2వ అధ్యాయం పక్షపాతాన్ని నేరుగా పాపమంది, క్రీస్తులో అందరూ ఒక్కటేననే గలతీయులకు 3:28 గోడ మీద రాసి పెట్టుకున్నా ఆ మాట ఆగకపోతే ఆ గోడకు సున్నం వేసినట్టే. దసరాకు దుర్గమ్మ కొండకు లక్షల మంది వచ్చే ఊళ్ళో ఉంటున్నాం, పొరుగువాళ్ళ పండుగను వెక్కిరించడం సాక్ష్యం కాదు. 1 పేతురు 3:15 అడిగినవాళ్ళకు జవాబు చెప్పమంది, అదీ "సాత్వికముతోను భయముతోను".

ఇప్పుడు ప్రార్థన అంశం. సంఘంలో కొండెం ఇంత సులువుగా నడిచే దారి ఇంకొకటి లేదు. బజార్లో చెబితే అది చాడీ అని మనకే తెలుస్తుంది. "ఫలానా కుటుంబం కోసం ప్రార్థించండమ్మా" అని మొదలుపెడితే మాత్రం మన మనసాక్షి లేవదు, విన్నవాళ్ళ మనసాక్షీ లేవదు. చివర్లో ఆమేన్ కూడా ఉంటుంది. ఒకరి విషయం చెప్పే ముందు మూడు ప్రశ్నలు: ఆమె చెప్పమందా? ఆమె ఈ గదిలో కూర్చుని ఉంటే ఇదే మాట ఇలాగే అంటానా? పేరూ, అంకె తీసేస్తే ప్రార్థన ఆగిపోతుందా? మూడో ప్రశ్న అసలైనది. "అప్పుల్లో ఉన్న ఒక కుటుంబం" అంటే చాలు, దేవుడికి చిరునామా అక్కర్లేదు. లక్షల లెక్క, వడ్డీ ఎంత, ఎవరి దగ్గర తెచ్చారు అనేవి వినేవాళ్ళ కోసమే. వాట్సాప్ గ్రూపులో అయితే ఇంకా జాగ్రత్త, వాయిస్ మెసేజ్ ఒక్క నొక్కుతో ఊరు దాటుతుంది. మీరు ఫోన్లో తీసేసినా ఫార్వర్డ్ అయినది తిరిగి రాదు.

ఎదుటివాళ్ళు మొదలుపెడితే తప్పించుకోవడానికి ప్రసంగం అక్కర్లేదు. "ఈ మాట ఆమెతో అన్నావా అక్కా?" అని అడగండి. లేదంటే "ఇప్పుడే చేద్దాం రండి" అని అక్కడికక్కడే పేరు లేకుండా ప్రార్థన మొదలుపెట్టండి. "కట్టెలు లేనియెడల అగ్ని ఆరిపోవును" అని సామెతలు 26:20. ఒక్క కట్టె తీస్తే చాలు.

గుంటూరులో 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చినప్పటి నుంచి లూథరన్ ఇళ్ళలో పిల్లలకు నేర్పే చిన్న కాటికిజం, అంటే ప్రశ్నలు జవాబుల బోధ పుస్తకం ఉంది, లూథర్ 1529లో రాసింది. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ వాళ్ళ లెక్కలో, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళ లెక్కలో ఎనిమిదోది, బాప్టిస్టులకు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళకు తొమ్మిదోది. ఆజ్ఞ ఒకటే. దానికి లూథర్ ఇచ్చిన వివరణ మూడు పనులు చెబుతుంది: పొరుగువాడి తరఫున మాట్లాడాలి, అతని గురించి మంచి చెప్పాలి, అతను చేసినదానికి వీలైనంత మంచి అర్థం తీయాలి. చెడు మాట్లాడకపోవడంతో ఆజ్ఞ తీరిపోదన్నమాట. ఎవరైనా మీ తోడికోడలిని అంటుంటే మీరు ఊరకుండటం కూడా చాలదు.

ఒక హద్దు మాత్రం స్పష్టంగా ఉండాలి. భర్త కొడుతున్నాడని, పిల్లల మీద ఎవరో చెయ్యి వేశారని చెప్పడం కొండెం కాదు. "సంఘం పరువు" అని, "నాలుక అదుపు" అని ఆ నోళ్ళు మూయించడమే పాపం. ఆడవాళ్ళకు 181, పిల్లలకు 1098, ప్రాణం మీదికొస్తే 112. పిల్లల మీద లైంగిక నేరం తెలిసి చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం కూడా, చేసినవాడు సంఘ పెద్ద అయినా. అలాగే మీకు మీరే మింగుకుంటున్న బాధ ఉంటే దేవుడి దగ్గర మర్యాద మాటలు వెతకొద్దు. 13వ కీర్తన "ఎన్నాళ్లవరకు" అని నిలదీస్తూనే మొదలవుతుంది. అక్కడ కక్కేసినవాళ్ళకు కూడికలో కక్కాల్సిన పని తగ్గుతుంది.

తోడికోడలి దగ్గరికి మీరు వెళ్ళాలి. మత్తయి 5:23-24 ప్రకారం అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్ళమన్నాడు, కాబట్టి వచ్చే ఆదివారం క్వయర్ కంటే ముందు. ఫోన్లో వద్దు, మెసేజ్ అసలే వద్దు. పండిట్ నెహ్రూ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కితే సుమారు గంట ప్రయాణం. శనివారం పొద్దున, మీ మరిది ఇంట్లో లేని సమయం చూసుకుని, ఒక్కరే వెళ్ళండి. మీ ఆయన్ని, అత్తగారిని మధ్యవర్తులుగా తీసుకెళ్ళొద్దు, అలా వెళ్తే అది పంచాయితీ అవుతుంది. పళ్ళు, స్వీట్లు తీసుకెళ్ళొచ్చు, కానీ మాట అయ్యాకే ఇవ్వండి.

చెప్పాల్సింది ఇంతే: "మీ అప్పుల సంగతి నేను కూడికలో చెప్పాను. ఫలానా నలుగురు విన్నారు. నీ అనుమతి లేకుండా చెప్పడం నా తప్పు. నన్ను క్షమించు." "ప్రార్థన కోసమే చెప్పాను" అనొద్దు, అది నిజమైనా సరే. "నీకు బాధ కలిగి ఉంటే" అనొద్దు, కలిగింది. "కానీ" అనే మాట ఎక్కడా రానివ్వొద్దు. వాళ్ళ కొత్త ఫ్రిజ్ చూసి మీకు కలిగిన అసూయ గురించి కూడా మీరు రాశారు. అది ఆమెకు చెప్పకండి. అది దేవుడి దగ్గర ఒప్పుకోవాల్సింది, ఆమె నెత్తిన పెడితే మీ బరువు దిగుతుంది గానీ ఆమెకు కొత్త గాయం అవుతుంది. ఆమె తిడితే వినండి. గంట సేపు తిట్టినా "నువ్వు మాత్రం" అని పాత లెక్కలు తీయొద్దు. క్షమించనంటే "సరే, నువ్వు అన్నది న్యాయమే" అని లేచి రండి, అక్కడే మోకరించి ప్రార్థన చేయిస్తానని పట్టుపట్టొద్దు. నెల తర్వాత పండగకో పుట్టినరోజుకో మామూలుగా పలకరించండి.

తిరిగొచ్చాక ఆ నలుగురి దగ్గరికీ విడివిడిగా వెళ్ళండి. "ఆ రోజు నేను చెప్పకూడని మాట చెప్పాను, దయచేసి ఇంకెవరితోనూ అనకండి, ఎవరితోనైనా అని ఉంటే నా తప్పని చెప్పండి" అని అంతవరకే. ఆమె ఏమంది, మీరు వెళ్తే ఎలా చూసింది అని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. దానికి జవాబు చెప్పకుండా రావడమే ఆ రోజు మీ పుస్తకంలో చుక్క పడకుండా చూసుకోవాల్సిన చోటు.